సంత రోజున లేవని పడవ ఇంజను

2022 చలికాలం. అరకులోయలో నా ఆటో ఎలక్ట్రికల్ కొట్టు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. జీపులు, ఆటోలు, ట్రాక్టర్లు, తోటల్లో నీళ్లు తోడే పంపుసెట్లు, వీటి బ్యాటరీలూ డైనమోలూ సెల్ఫ్ మోటార్లే నా బతుకు. సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజనుకు మొదటి తోపుడు ఇచ్చే చిన్న మోటారు. చలికాలం పొద్దున్నే కొండ మీద సగం బండ్లకు ఆ తోపుడు చాలదు. డ్రైవర్లు తిట్టుకుంటూ వస్తారు, నేను నవ్వుకుంటూ కొట్టు తీస్తాను. అలాంటి నా దగ్గరికి పడవ ఇంజను వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. సముద్రం చూడాలంటే మేము ఘాట్ దిగి విశాఖ దాకా వెళ్లాలి.

మా వంశంలో చేతికి గ్రీజు అంటించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాన్నది కిరాణా, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇత్తడి సామాను. విజయనగరం వైపు నుంచి కొండెక్కిన కుటుంబం. మా ఇళ్లలో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వస్తుంది. బేరమాడకుండా కొన్న వంకాయ ఉడకదని మా అమ్మ నమ్మకం. నేను కరెంటు పని నేర్చుకుంటానంటే నాన్న కాసేపు ఆలోచించి, "మంచిదే. మనకి సరుకు పాడైతే నష్టం. నీకు పాడైతేనే లాభం" అన్నాడు. ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద దీవెన లేదు.

ఒకరోజు ఫోను మోగింది. ఆడగొంతు.

"సావుకారు బాబూ, నువ్వమ్మిన బ్యాటరీ సచ్చిపోనాది."

"ఎవరమ్మా మాట్లాడేది?"

"తంగిలిపుట్టు గురుబారిని. పడవకని బ్యాటరీ కొన్నాం గదా."

గుర్తొచ్చింది. ముంచంగిపుట్టు దాటాక, ఒడిశా సరిహద్దున, డ్యాము నీళ్ల ఒడ్డున ఉన్న ఊరు తంగిలిపుట్టు. ఊరికీ సంతకీ మధ్య నీళ్లే. చుట్టూ నడిచి వెళ్లాలంటే పూటంతా పడుతుంది. అందుకని అక్కడి ఆడవాళ్ల సంఘం ఒక ఫైబరు పడవనీ, షికారు పడవలు నడిపి మానేసిన ఒకాయన దగ్గర ఒక పాత ఔట్‌బోర్డు ఇంజన్నీ కొనుక్కుంది. ఔట్‌బోర్డు అంటే పడవ వెనక చెక్కకు బయటివైపు బిగించే ఇంజను. పైన ఇంజను, కింద నీళ్లలో తిరిగే ఫ్యాను, ఇటూ అటూ తిప్పడానికి ఒక పిడి. ఆయన దగ్గరే నడపడం నేర్చుకుని గురుబారి డ్రైవరయింది. ఆ చుట్టుపక్కల పడవ నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"బ్యాటరీ పోయిందని ఎలా తెలిసింది?"

"తాళం తిప్పితే ఉలుకూ నేదు, పలుకూ నేదు. సంత నాడే ఇలగ సేత్తంది. మిగతా రోజులు బాగానే ఉంటాది."

"మిగతా రోజులు బాగుంటే బ్యాటరీ బతికే ఉన్నట్టు చెల్లీ."

"మరైతే సంత నాడు సత్తంది."

ఎవరైనా పని ఒప్పుకునే ముందు కాస్త బెట్టు చేయాలని మా ఇంటి నియమం. అంత దూరం రావాలంటే రోజు పోతుందని, డీజిలు మండిపోతోందని, పడవలు నా లైను కాదని మూడు రాగాలు తీశాను. ఆమె అన్నీ ఓపికగా వింది.

"ఒద్దులే బాబూ, నువ్వు రావొద్దు. నేనెల్లి సంతలో కూకుంటాను. ఒచ్చినోళ్లందరికీ ఆ బ్యాటరీ ఎవులిచ్చారో సెప్పుకుంటాను."

చుట్టుపక్కల మండలాల జీపు డ్రైవర్లందరూ వచ్చే సంత అది. రేపే వస్తానన్నాను. బేరంలో నేను అంత తొందరగా దిగిన రోజు అంతకుముందు లేదు.

మర్నాడు వెళ్లేసరికి గురుబారి ఒడ్డున ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. చీర మోకాళ్లకు ఎగగట్టి, పైన మగవాళ్ల స్వెట్టరు తొడుక్కుని ఉంది. నడుస్తూనే అసలు సంగతి చెప్పింది. అంతకుముందు వాళ్లను నీళ్లు దాటించేది అవతలి గట్టు కాంట్రాక్టరు డీజిలు పడవ. అతని ఇష్టమొచ్చినప్పుడు వస్తాడు, లేకపోతే లేదు. ఇప్పుడు వరసగా రెండు సంతలకు గురుబారి ఇంజను లేవలేదు. అల్లం బుట్టలు, రాజ్మా మూటలు దించుకుని జనం తిట్టుకుంటూ నడిచిపోయారు.

"ఇంకో సంత తప్పితే మా పడవని కాంట్రాక్టరుకే ఇచ్చేత్తానని ఊరి పెద్ద అన్నాడు. ఆడదాని సేతిలో ఇంజను లెగదంట. ఇచ్చేత్తే ఆ పిడి మళ్లీ నా సేతికి రాదు బాబూ."

చెప్పేటప్పుడు ఆమె నావైపు చూడలేదు, పడవవైపే చూసింది. మా అమ్మాయి కొత్త సైకిలువైపు అలాగే చూసేది.

నేను పడవెక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజను బుర్రుమంది.

"సూశావా! నువ్వొత్తే పలుకుతాది" అంది గురుబారి, తప్పు నాదే అన్నట్టు.

వచ్చినందుకు ఏదో ఒకటి చేయాలి కదా. మీటరు తీసి బ్యాటరీ చూశాను, నిండుగా ఉంది. ఫ్యూజు చూశాను, మంచిదే. పిడి దగ్గర ఎర్ర తాడు కట్టిన క్లిప్పు ఒకటి ఉంటుంది. డ్రైవరు ఆ తాడును చేతికి తగిలించుకుంటాడు. పొరపాటున నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోతుంది. అదీ సరిగానే ఉంది. చేత్తో లాగి ఇంజను లేపే తాడు మాత్రం పాత యజమాని దగ్గరే తెగిపోయిందట, కాబట్టి తాళం ఒక్కటే దిక్కు. చివరికి, బిగుతుగానే ఉన్న బ్యాటరీ నట్లను పెద్ద శబ్దం వచ్చేలా విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి, "ఇదే లోపం. ఇక చూడక్కర్లేదు" అన్నాను. గుమ్మడికాయ ఒకటి ఇచ్చారు. ఇంకొంచెం పెద్దది లేదా అని అడిగి, పెద్దదే తెచ్చుకున్నాను.

సంత రోజు పొద్దున్నే ఫోను.

"లెగనేదు" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు ఎలా ఉంది?"

"జనం దిగి ఎల్లిపోనారు. మూటలు దించేసాం. ఇప్పుడు తాళం తిప్పితే లెగుతాది. ఏటి బాబూ ఇది, మనుసుల్ని సూసి బెదురుతాదేటి?"

ఊరి పెద్ద దగ్గర కాళ్లావేళ్లా పడి ఇంకొక్క సంత గడువు తెచ్చుకున్నానంది. ఈసారి ఇంజను సంత పొద్దున్న లేవాలి, లేకపోతే ఆ పొద్దున్నే కాంట్రాక్టరు పడవ వచ్చి మూటలు ఎక్కించుకుంటుంది. అంతటితో ఆమె పని సరి.

బరువెక్కితే లేవని ఇంజను గురించి వారమంతా తల బద్దలుకొట్టుకున్నాను. జనం కూచుంటే వైరు ఎక్కడైనా నొక్కుకుంటోందా? మూటలు పేర్చినప్పుడు బ్యాటరీ తీగ లాగుకుంటోందా? మంచు తేమకు ఎక్కడైనా కరెంటు దారి తప్పుతోందా? కొట్టులో కూర్చుని కనిపెట్టేది కాదని తేలింది. జబ్బు వచ్చే వేళకే రోగిని చూడాలి. ముందురోజే ముంచంగిపుట్టులో చుట్టాలింట్లో దిగి, సంత రోజు తెల్లవారేసరికి వ్యానులో తంగిలిపుట్టు చేరాను.

నీళ్ల మీద మంచు దట్టంగా ఉంది. దసరా తర్వాత నీరు తగ్గి ఒడ్డు ఏటవాలుగా బయటపడింది. పడవ ముక్కు గట్టు మీద, వెనక భాగం నీళ్లలో. పొద్దున్నే మంచులో హడావిడి వద్దని, ఈ మధ్యే మూటలు ముందురోజు సాయంత్రమే ఎక్కించడం మొదలుపెట్టారట. అల్లం, రాజ్మా, చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటికి రాత్రి కాపలా గురుబారి మామగారు దొన్ను తాత. ఇంజను మంచుకు తడవకుండా దానికి గోనెసంచి కప్పి, పసిపిల్లను పొదివినట్టు తాడు చుట్టి, గట్టు మీద నెగడు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "రా మేస్త్రీ" అని నెగడు దగ్గర చోటిచ్చాడు.

జనం ఎక్కారు. నలుగురైదుగురు ఆడవాళ్లు ఇంకా నీళ్లలోనే, పడవ వెనకపక్క నిలబడి, మిగిలిన బుట్టలు అందిస్తున్నారు. ఊరి పెద్ద గట్టు మీద దుప్పటి కప్పుకుని నిలబడ్డాడు. మంచులోంచి దూరంగా టకటకమని శబ్దం వినిపిస్తోంది. కాంట్రాక్టరు డీజిలు పడవ బయల్దేరింది.

గురుబారి తాళం తిప్పింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఓలమ్మ, మళ్లీ మొదలెట్టినాది" అంది బుట్టల మధ్యనుంచి ఒక ముసలమ్మ. "మేస్త్రీ ఒచ్చినాడు గదే" అంది ఇంకొకామె. "ఒచ్చినోడు కిందటిసారి గుమ్మడికాయట్టుకెళ్లినాడు" అంది ముసలమ్మ. పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

గోనెసంచిని కిందికి జరిపి ఇంజను మీది మూత తీశాను. టెస్ట్ ల్యాంపు పట్టుకున్నాను. చిన్న బల్బుకు ఒక తీగా ఒక సూదిమొనా ఉండే సాధనం అది. ఎక్కడ గుచ్చితే బల్బు వెలుగుతుందో అక్కడిదాకా కరెంటు వచ్చినట్టు. సెల్ఫ్ తిరగకపోతే కరెంటు నడిచే దారంట మనమూ నడవాలి, దాటవేస్తూ ఎగరకూడదు. బ్యాటరీ దగ్గర గుచ్చాను, వెలిగింది. ఫ్యూజుకు ఇటూ అటూ వెలిగింది. గురుబారిని తాళం తిప్పి పట్టుకోమని, తాళం వెనకనుంచి వచ్చే తీగ మీద గుచ్చాను. అక్కడా వెలిగింది. ఆ తీగ నేరుగా సోలనాయిడ్‌కు వెళ్లాలి. చిన్న కరెంటు అందుకుని పెద్ద కరెంటును సెల్ఫ్‌కు వదిలే ద్వారపాలకుడు సోలనాయిడ్. కానీ తీగ దారిలో వేలిగోరంత నల్ల స్విచ్చు ఒకదానిలో దూరింది. స్విచ్చుకు ఇవతల బల్బు వెలిగింది. అవతల వెలగలేదు.

దొరికింది దొంగ!

మా జీపుల్లో అలాంటి స్విచ్చు ఉండదు. అదెందుకు పెట్టారో నాకు తెలియదు, అప్పుడు తెలుసుకునే ఓపికా లేదు. డీజిలు పడవ శబ్దం దగ్గరవుతోంది. పాడైన స్విచ్చును తప్పించడానికి ప్రతి మేస్త్రీ జేబులో ఒక మందు ఉంటుంది: జంపరు. రెండు కొనలకూ క్లిప్పులున్న వైరు ముక్క. స్విచ్చు ఇవతలి తీగకు ఒక క్లిప్పు, అవతలి తీగకు ఇంకొకటి పెడితే స్విచ్చు ఉన్నా లేనట్టే.

"గురుబారీ, తాళం అలాగే పట్టుకో. ఇదిగో, ఇప్పుడు లేస్తుంది" అన్నాను. ఒక క్లిప్పు తగిలించాను. రెండోది తగిలించబోతున్నాను.

"ఆగండెహె! రాయి! రాయి తియ్యనేదు!"

నెగడు దగ్గరనుంచి దొన్ను తాత కేక. ఆ వయసులో అంత గొంతు ఎక్కడిదో, కోళ్లు కూడా ఉలిక్కిపడ్డాయి. నా చేయి ఆగిపోయింది.

"ఏ రాయి తాతా?"

"పడవ కింద రాయి. ఇంజను లెగుతాదంటన్నావు గదా, లెగేముందు రాయి తియ్యొద్దేటి?" అని వంగి, పడవ అడుగున బిగించిన ఇంత బండరాయిని రెండు చేతులతో లాగాడు. "లోడు బండి డౌన్లో ఆపితే రాయెయ్యరా మరి?"

గురుబారి తల పట్టుకుంది. "మావ ఎనకటికి లారీ క్లీనరు బాబూ. వెదురు లోడులు. పాచిపెంట ఘాట్లో."

నాకు నవ్వొచ్చింది. ఎత్తు రోడ్డు మీద బండి ఆగగానే దూకి చక్రం కింద రాయి పెట్టడమే ఘాట్ లారీ క్లీనరు మొదటి విద్య. రెండో విద్య ఏమిటో మా కొండ మీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"తాతా, రాయొక్కటేనా వేసింది?"

తాత నావైపు జాలిగా చూశాడు. "రాయొకటే ఏసి ఒగ్గేత్తారేటి? ఏటి మేస్త్రీవయ్యా నువ్వు! రాయెయ్యాల, గేరులో ఎట్టాల."

గోనెసంచి పూర్తిగా లాగేశాను. ఇంజను పక్కన గేరు కర్ర ముందుకు వంగి ఉంది. గేరులో ఉంది.

చేతిలో ఇంకా రెండో క్లిప్పు ఉంది. నీళ్లలో ఆడవాళ్లు ఇంకా ఇంజను పక్కనే ఉన్నారు, ఫ్యానుకు మూరెడు దూరంలో. ఆ నల్ల స్విచ్చు ఎందుకో అప్పుడు అర్థమైంది. దాన్ని న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చు అంటారు. ఇంజను గేరులో ఉంటే సెల్ఫ్‌కు కరెంటు పోనివ్వదు, ఎందుకంటే గేరులో ఇంజను లేస్తే ఫ్యాను ఆ క్షణంలోనే తిరుగుతుంది, పడవ దూకుతుంది. అది పాడవలేదు. మూడు సంతలుగా, ఇవాళ్టితో నాలుగు సంతలుగా తన పని తాను చేస్తోంది. తగిలించిన క్లిప్పు ఊడదీసి జంపరు వైరును జేబులో పెట్టుకున్నాను.

గురుబారి మామగారి మీద విరుచుకుపడింది. "మావా! నువ్వు గేరెడితే నాకు సెప్పొద్దా? ఇన్ని సంతలు నా పరువు తీసేవు గదా!"

"సెప్పడమేటి? డ్రైవరు బండెక్కి ముందు గేరే గదా సూసుకోవాల."

"నేను న్యూట్రల్లో ఎట్టి ఒగ్గేను, ఎవులు మారుత్తారనుకుంటాను?"

"మరి మూటలు దించాక ఎలా బాగయ్యేది తాతా?" అన్నాను నేను.

"లోడు దిగిపోతే రాయీ ఎందుకు, గేరూ ఎందుకు? దిగ్గానే తీసేసేవోణ్ణి. లోడుండి, డ్రైవరు సీట్లో ఉంటే మాత్రం క్లీనరు గేరు ముట్టకూడదు. మా డ్రైవరు సెంప పగలగొట్టేవోడు."

"ఇంజను లేవడం లేదని అందరూ గోలపెడుతుంటే, గేరు వల్లేమో అని తోచలేదా?"

"గేరులో ఉంటే లారీ ఉలిక్కిపడి దూకుతాది గానీ, లెగకుండా ఉంటాదేటి?"

అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఆ మాటకొస్తే ఆ క్షణాన గట్టు మీద నా వ్యాను ఫస్టు గేరులో, వెనక చక్రం కింద రాయితో నిలబడి ఉంది. పల్లంలో ఉండే పడవ మేస్త్రీ ఎవడైనా మొదటిరోజే "గేరు చూశావా అమ్మా?" అని ఫోనులోనే అడిగేవాడు. కొండ మీది మేస్త్రీకి గేరులో నిలబెట్టిన బండి వింతగా కనిపించదు.

గురుబారి నీళ్లలో ఉన్నవాళ్లను పైకి రమ్మంది. గేరు కర్రను మధ్యకు తెచ్చింది. తాళం తిప్పింది. ఇంజను లేచింది. బుట్టల మధ్యనుంచి ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఎవరికో తెలియదు. కాంట్రాక్టరు పడవ మంచులోంచి అప్పుడే బయటపడింది.

ఊరి పెద్ద గట్టు దిగి వచ్చాడు. "ఇంజను బాగయినాదా?"

"ఇంజను పాడవనేదు పెద్దాయనా" అంది గురుబారి. "కాపలా ఎక్కువయినాది."

ఆయన దొన్ను తాతవైపు చూశాడు, రాయివైపు చూశాడు. దుప్పటి మూతికి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు కదులుతున్నాయి. తర్వాత కాంట్రాక్టరు పడవకు, వెనక్కి పొమ్మని చేయి ఊపాడు. గురుబారి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. పిడి మీద ఆమె వేళ్లు అప్పుడు వదులయ్యాయి.

జనం నవ్వుతుంటే తాత మాత్రం తను తీసిన రాయి మీదే కూర్చుండిపోయాడు. "అయితే రేపట్నుంచి నాకేటి పని?" అన్నాడు, తనలో తనే.

గురుబారి ఇంజను ఆపేసింది. గడువు అంచుదాకా వచ్చి అప్పుడే గెలిచిన మనిషి, జనం తొందరపెడుతున్నా ఇంజను ఆపేసింది. "మావా, ఇలగ రా. ఇక్కడ కూకో. నేను గేరు అని అడుగుతాను. నువ్వు సూసి, న్యూట్రల్ అని అరవాల. నువ్వు అరిస్తేనే తాళం తిప్పుతాను."

"డ్రైవరు సీట్లో ఉండగా నేను గేరు ముట్టను."

"ముట్టొద్దు. సూడు సాలు."

తాత పడవెక్కి ఇంజను పక్కన కూర్చున్నాడు. కళ్లు చికిలించి గేరు కర్రను ఎటునుంచీ చూశాడు. "న్యూట్రల్!" అని అరిచాడు, ఘాట్లో వెనకబండికి వినిపించేటట్టు. ఇప్పటికీ ఆ పడవ ఆ కేక లేకుండా కదలదని, సంతకు వచ్చే పిల్లలంతా దాన్ని నేర్చుకున్నారని జీపు డ్రైవర్లు చెబుతారు.

నేనూ వాళ్లతో అవతలికి వెళ్లి వచ్చాను. పిడి పట్టుకున్న గురుబారి, పక్కన మామ, మధ్యలో అల్లం వాసన. తిరిగి వచ్చాక గుమ్మడికాయ ఇవ్వబోయారు. పోయినసారిది ఇంకా ఉందని అబద్ధం చెప్పాను. మా అమ్మకు తెలిస్తే ఒప్పుకునేది కాదు.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులొచ్చాయి. బండి ఎందుకు లేవలేదని అడిగేముందు, నిన్న రాత్రి దాని దగ్గర ఎవరున్నారని అడుగుతాను. సగం జబ్బులు ఆ జవాబులోనే దొరుకుతాయి. యంత్రాన్ని పాడుచేసేది ఎప్పుడూ నిర్లక్ష్యమే కాదు, ఒక్కోసారి మనిషికి దానిమీద ఉండే ప్రేమ కూడా. రెండోది, జంపరు వైరు తీసేముందు చేయి ఒక్క క్షణం ఆపుతాను. మా కొట్ల వీధిలో పుట్టినవాడికి "కుదరదు" అన్న మాట ఇంకొంచెం అడగమని పిలుపులా వినిపిస్తుంది. అవతలివాడు నాలుగుసార్లు కుదరదన్నాక ఐదోసారి కుదురుతుంది. వేలిగోరంత నల్ల స్విచ్చు నాలుగు సంతలు కుదరదంటే, దానికి వేరే అర్థం లేదు. కుదరదనే.